నెగటివ్ గది మొదలు క్లౌడు వరకు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిలింనగరు వైపు సాగిపోవు త్రోవలో కానవచ్చు స్టూడియో ద్వారములను, నటుల భవనములను, నిలువెత్తు ప్రకటన చిత్రములను చూచువారికి తెలుగు సినిమా తయారగు తీరును గూర్చి కొంత ఊహ కలుగవచ్చును గాని, తయారైన సినిమాను చెడిపోకుండ కాపాడుట యనెడు మరియొక వృత్తి ఈ కొండల మీదనే పేరు లేకయు ప్రతిష్ఠ లేకయు దినదినము సాగుచున్నదని తెలియదు. నటులను గూర్చియు, దర్శకులను గూర్చియు, గాయకులను గూర్చియు మనవారు చాల వ్రాసిరి. నెగటివ్ డబ్బాలకు చీటీలంటించి, మూత తీసి వాసన చూచి, రీలును తిరగజుట్టి మరల అరలో పెట్టిన వారిని గూర్చియు, నేడు వారి స్థానమున సర్వరు గదిలో కూర్చుండి రాత్రి బ్యాకప్ సరిగా ముగిసినదా లేదా యని ఉదయముననే చూచుకొను వారిని గూర్చియు వ్రాసినవారు అరుదు. ఈ రెండును ఒకే వృత్తి యని నా నిశ్చితాభిప్రాయము. వస్తువు మారినది, గది మారినది, కడకు ఆ గది ఎచ్చట నున్నదో యజమానికే కనబడని కాలము వచ్చినది. కాని ప్రతిదినము ఒక మనుష్యుడు పోయి చూడవలసిన అవసరము మాత్రము మారలేదు.

ఆ అవసరమును తెలియుటకు ఎల్.వి.ప్రసాదు జీవితమును మించిన నిదర్శనము లేదు. ఏలూరు సమీపమున సోమవరప్పాడు గ్రామమున 1908లో జన్మించిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు బొంబాయి చేరి, 1931లో వెలువడిన తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లోను, ఆ సంవత్సరమే వచ్చిన ‘కాళిదాస్’లోను, 1932లో వచ్చిన తొలి సంపూర్ణ తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లోను చిన్న చిన్న వేషములు ధరించెను. ఆ మూడు చిత్రములలో ఒక్కదాని ప్రతియైనను నేడు లభింపదు. దర్శకుడై ‘మిస్సమ్మ’ వంటి చిత్రములను తీసి, నిర్మాతయై, 1982వ సంవత్సరపు ఫాల్కే పురస్కారము నందిన ఆ మహనీయుడు మద్రాసులో ఫిలిం ల్యాబొరేటరీని నెలకొల్పి, పిమ్మట బంజారాహిల్స్ రెండవ నంబరు రోడ్డున దాని శాఖను తెరచుట వ్యాపార దృష్టితోనే జరిగియుండవచ్చును. అయినను, తాను ముఖమునకు రంగు పూసుకొన్న తొలి టాకీలు మూడును మాయమైపోయిన మనుష్యుని పేర వెలసిన సంస్థయే నేడు దేశదేశముల పాత చిత్రములను పునరుద్ధరించు పనిలో ప్రసిద్ధికెక్కుట నాకు మిక్కిలి అర్థవంతముగా తోచును.

అవి ఎట్లు మాయమైనవి? మూకీల కాలమునుండి వాడుకలోనున్న ఫిలిము సెల్యులోజ్ నైట్రేటుతో చేయబడినది. అది త్వరగా నిప్పంటుకొనును. మండునప్పుడు తనకు వలయు ప్రాణవాయువును తానే పుట్టించుకొనుటచే నీటిలో ముంచినను ఆరదు. 1951 ప్రాంతమున కోడాక్ కంపెనీ దాని తయారీని మానుకొనువరకు లోకమందలి నెగటివ్ గదులన్నియు ఒక విధముగా మందుగుండు కొట్లే. కాలిపోయినవి కొన్ని, ప్రదర్శన ముగిసిన పిదప ప్రింటునందలి వెండిని రాబట్టుకొనుటకై కరగించినవి మరికొన్ని. అన్నిటికంటె ఎక్కువగా, ఆట ముగిసిన చిత్రమునకు అద్దె గది యేల యను భావముతో వదలివేయబడి, ఎవరును మూత తీసి చూడక నశించినవే యని నేను నమ్ముచున్నాను. జాతీయ చలనచిత్ర భాండాగారము పుణెలో స్థాపింపబడినది 1964లో. అప్పటికి మన ‘ప్రహ్లాదు’నకు ముప్పది రెండేండ్లు. అంత కష్టపడి ఆ భాండాగారము సేకరించిన నైట్రేటు రీళ్లలో పెద్ద భాగము 2003 జనవరిలో రేగిన అగ్నిప్రమాదమున బూడిదయ్యెను.

నైట్రేటు పోయి ఎసిటేటు వచ్చినది. దానికి ‘సేఫ్టీ ఫిలిం’ అని పేరు. అంటుకొనదు గనుక నిశ్చింతగా నుండవచ్చునని అందరును తలచిరి. అది సులభముగా మండదు గాని పులియును. వేడియు తేమయు తగిలిన ఎసిటేటు నుండి ఎసిటిక్ ఆమ్లము వెలువడి, ఆ ఆమ్లమే మిగిలిన ఫిలిమును మరింత త్వరగా చెఱచును. ఒక డబ్బాలో పుట్టిన జబ్బు ప్రక్క డబ్బాకును సోకును. అట్టి డబ్బా మూతను తీసినపుడు గుప్పున కొట్టు వెనిగర్ వాసనను ఒకసారి ఎరిగినవారు మరువలేరు. రీలు అంచులు అలలుగా లేచియుండును. జిగట పట్టిన చుట్లు విప్పబోయిన చిరచిరమను చప్పుడుతో విడివడును. కుంచించుకొనిపోయిన ఫిలిము రంధ్రములు యంత్రపు పండ్లకు సరిపడక, బలవంతముగా నడిపించిన చినిగిపోవును. దీనికి మందు లేదు. ఆలస్యము చేయుటకు మార్గము మాత్రమున్నది. చల్లదనము, పొడిగాలి, అప్పుడప్పుడు మూత తీసి గాలి తగులనిచ్చుట, నియమిత కాలమున తిరగజుట్టుట, జబ్బుపడినదానిని వేరుచేయుట: ఇవియే ఆ మార్గము. సముద్రపు తేమగాలి వీచు మద్రాసు నగరమున దశాబ్దములపాటు తెలుగు చిత్రముల నెగటివులు నిలిచియున్న వనగా, వాటిని నిలిపినది ఏసీ యంత్రము ఒక్కటియే కాదు. నెలకొకసారి కొయ్య నిచ్చెన వేసికొని పై అర వరకు ఎక్కిన వాని శ్రద్ధయు అందు కలదు.

ఆ కాలమున సినిమాను అడుగులలో కొలిచెడివారు. అడుగునకు 16 ఫ్రేములు, క్షణమునకు 24 ఫ్రేములు. నిమిషమునకు 90 అడుగులు. వేయి అడుగుల రీలు పదకొండు నిమిషములు. రెండున్నర గంటల చిత్రమనగా 13,500 అడుగుల ఫిలిము, పదునాలుగు డబ్బాలు. ధ్వని నెగటివునకు మరల అన్ని డబ్బాలు. ప్రతి డబ్బా మీద చిత్రము పేరు, రీలు సంఖ్య, ల్యాబు సంఖ్య వ్రాసిన చీటీ యుండును. చీటీ ఊడిన డబ్బాను గుర్తింపవలెనన్న రీలును విప్పి దీపమున కెదురుగా పట్టి చూడవలసినదే. అందుచే మంచి నెగటివ్ గుమాస్తా చీటీ నంటించుటతోనే తృప్తి చెందక, రీలు మొదటి ఖాళీ భాగము మీదను ఆ వివరములను వ్రాసెడివాడు. ఒక ఆధారము పోయినను మరియొకటి మిగులవలె నను ఈ జాగ్రత్తయే నేటి డేటా వృత్తికి మూలసూత్రమై కూర్చున్నది.

ఇక ఈ కొండల సంగతి. 1960 ప్రాంతములయందు చల్లగల్ల నరసింహము గారి చొరవతో జూబ్లీహిల్స్ గృహనిర్మాణ సహకార సంఘము ఏర్పడిననాడు ఇచ్చట బండలును పొదలును దప్ప మరేమియు లేవు. మద్రాసు విడిచి హైదరాబాదున స్థిరపడి, ఇచ్చటనే చిత్రములు తీయుదునని పట్టుబట్టిన అక్కినేని నాగేశ్వరరావు ఆ బండల నడుమ 22 ఎకరములలో అన్నపూర్ణ స్టూడియోను కట్టగా, 1976లో నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మదు దానిని ప్రారంభించెను. పిమ్మట నటుడు కృష్ణ గారి పద్మాలయా స్టూడియో, డి.రామానాయుడు గారి స్టూడియో వచ్చినవి, ఫిలించాంబరు వచ్చినది, ఫిలింనగరు వెలసినది. అయినను, షూటింగులు ఇచ్చటికి తరలినంత త్వరగా నెగటివులు తరలలేదు. పగలెల్ల ఇచ్చట తీసిన ఫిలిమును డబ్బాలలో పెట్టి నల్లటేపు చుట్టి మద్రాసు ల్యాబునకు పంపుటయు, అది కడిగి ప్రింటు వేసి తిరిగి వచ్చువరకు తీసినది బాగుగా వచ్చినదో లేదో తెలియక కెమెరామాన్ ఊపిరి బిగపట్టుకొని యుండుటయు చాలకాలము జరిగినది. హైదరాబాదులోనే కడుగు వసతి కలిగిన తరువాతను, పాత చిత్రముల నెగటివులు మద్రాసు ల్యాబులయందే ఉండిపోయినవి. పరిశ్రమ ఒక ఊర, దాని జ్ఞాపకము మరియొక ఊర నిలిచిపోయిన ఈ స్థితి మనకు చేసిన నష్టము సామాన్యము కాదు. నిర్మాత మరణించెను, వారసులకు హక్కు పత్రము దొరకినను డబ్బాలెచ్చట నున్నవో తెలియదు, ల్యాబువారికి డబ్బాలున్నను అద్దె ఎవరిని అడుగవలెనో తెలియదు.

అంతలో ఫిలిమే పోయినది. 2012 జనవరిలో కోడాక్ దివాలా రక్షణ కోరెను. 2013లో ఫ్యూజీ కంపెనీ సినిమా ఫిలిము తయారీని మానెను. ఇచ్చటి ల్యాబులలో రసాయనపు తొట్లు ఒకటొకటిగా ఎండెను. ఆ గదులయందే డిజిటల్ కలర్ యంత్రములు వెలసెను. ల్యాబు మూతపడినపుడు కడుగుట యొక్కటియే నిలిచిపోలేదు. ఆ ల్యాబుతో ముడివడియున్న కావలి వ్యవస్థయు కూలిపోయినది. ఫిలిము కడిగించుకొనుటకై ఇచ్చు సొమ్ములోనే నెగటివును భద్రపరచు ఖర్చును తెలియకుండ కలసిపోయి యుండెడిది. కంప్యూటరు వచ్చిన తరువాత ఆ బాధ్యత ఎవరి నెత్తిమీద పడినదో కొన్ని సంవత్సరములవరకు ఎవరును ఆలోచింపలేదు. చిత్రము విడుదలైనది, హార్డ్ డిస్కులు నిర్మాత కార్యాలయపు బీరువాలో పడినవి. మూడేండ్లు కదలక పడియున్న హార్డ్ డిస్కును తగిలించినపుడు అది తిరుగునని నమ్మకము లేదు. ఫిలిము పులిసినపుడైనను వాసన ద్వారా హెచ్చరించును, బీరువాలోని డిస్కు ఏ హెచ్చరికయు చేయదు.

పరిమాణమును గూర్చి కొంత చెప్పవలెను. 2కే పద్ధతిలో ఒక్కొక్క ఫ్రేము సుమారు 12 మెగాబైట్లు. క్షణమునకు 24 ఫ్రేములు గనుక గంటకు ఒక టెరాబైటు. రెండున్నర గంటల చిత్రమునకు రెండున్నర టెరాబైట్ల పైమాట. 4కే అయినచో దానికి నాలుగింతలు. ఇది ఎడిటింగు ముగిసిన చిత్రమునకు మాత్రమే. తీసిన ఫుటేజి యంతయు దీనికి అనేక రెట్లుండును. 2012లో వచ్చిన ‘ఈగ’, 2015లో వచ్చిన ‘బాహుబలి’ వంటి చిత్రములయందు ఒక్కొక్క గ్రాఫిక్స్ షాటు పది ఇరువది రూపములుగా మారి మారి తుదిరూపమునకు వచ్చును. ఆ రూపములన్నియు ఎచ్చటనో ఒకచోట నిలువయుండవలెను. ఈ సముద్రమును కాచుటకై షూటింగు స్థలమున ‘డి.ఐ.టి.’ (డిజిటల్ ఇమేజింగ్ టెక్నీషియన్) యనియు, స్టూడియోలో ‘సిస్టమ్స్’ వారనియు, ‘డేటా’ వారనియు పిలువబడు క్రొత్త కావలివారు పుట్టిరి.

వీరి దినచర్య పైకి నీరసముగా కనబడును. దగ్గరగా చూచిన దాని ఘనత తెలియును. కెమెరా నుండి తీసిన కార్డును రెండు డిస్కులమీదికి కాపీ చేయుదురు. కాపీ ముగిసినదని తెరమీద కనబడినంతమాత్రమున నమ్మరు. మూలమునకును కాపీకిని ‘చెక్‌సమ్’ అను సంఖ్యను గణించి, రెండును అక్షరము తప్పకుండ సరిపోయినపిదపనే కార్డును చెరిపివేయుటకు అనుమతింతురు. స్టూడియోలో ఉదయము వచ్చినవాడు మొదట చూచునది రాత్రి బ్యాకప్ నివేదిక. తరువాత గ్రాఫిక్స్ ఫ్రేములను తయారుచేయు రెండరింగులో ఆగిపోయిన పనులు. తరువాత డిస్కులలో మిగిలిన చోటు. ఎరుపు దీపము వెలుగుచున్న డిస్కు ఉన్నచో దానిని మార్చుట. భద్రతకై వచ్చిన ప్యాచ్‌లను ముందు ఒక యంత్రముమీద వేసి చూచి పిమ్మట తక్కిన వాటికి వేయుట. నిన్న పని మానిపోయిన ఆర్టిస్టు పాస్‌వర్డును నేడు రద్దుచేయుట. టేపులమీద పాత చిత్రములను వ్రాయుట. ఆ టేపులకును ఆయువు కలదు. ఎల్.టి.ఓ. టేపు మొదటి తరము 2000లో వచ్చినది; ఏడవ తరము వరకు క్రొత్త యంత్రము తనకు పూర్వపు రెండు తరముల టేపులను చదువగలుగుచుండెను; 2017లో వచ్చిన ఎనిమిదవ తరపు యంత్రము వెనుకటి ఒక్క తరమును మాత్రమే చదువును. కావున టేపు బాగుగనే యున్నను, చదువు యంత్రము పోవుటకు పూర్వమే దానిని క్రొత్త టేపు మీదికి ఎత్తవలెను. రీళ్లను తిరగజుట్టు పని రూపము మార్చుకొని మరల వచ్చినది.

పాస్‌వర్డులను రద్దుచేయు పని చిన్నదని తలచువారు 2013 సెప్టెంబరును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. విడుదలకు ముందే ‘అత్తారింటికి దారేది’ దాదాపు గంటన్నర భాగము బయటికి పొక్కగా, నిర్మాత హడావిడిగా ఆ నెల 27న చిత్రమును విడుదల చేసికొనవలసి వచ్చెను. 2016 నవంబరులో ‘బాహుబలి’ రెండవ భాగపు యుద్ధ దృశ్యములు కొన్ని నిమిషములు బయటపడి, పోలీసులవరకు సంగతి పోయెను. నెగటివ్ యుగమున దొంగ పదునాలుగు డబ్బాలను మోసికొని పోవలెను. నేడు ఒక చిన్న పెన్‌డ్రైవు చాలును. అప్పటినుండి ఎవరు ఏ ఫైలును ఎప్పుడు తెరచిరో వ్రాసియుంచు లాగులను ప్రతిదినము చదువుట కావలి పనిలో ముఖ్యభాగమైనది.

ఇట్లుండగా క్లౌడు వచ్చినది. అమెజాన్ తన ఎస్3 నిలువ సేవను 2006 మార్చిలో ప్రారంభించినను, మన దేశమున ముంబయి కేంద్రము 2016లోను, హైదరాబాదు కేంద్రము 2022 నవంబరులోను తెరువబడినవి. హైదరాబాదు కేంద్రమనగా ఒక భవనము కాదు. ఒకదానికి ప్రమాదము కలిగినను తక్కినవి నిలుచునట్లు దూరదూరముగా నిర్మించిన మూడు విభాగములు. మద్రాసులో నిలిచిపోయిన జ్ఞాపకము ఏబది యేండ్లకు ఈ నగరపు పొలిమేరకే చేరుటకు వీలు కలిగినది. గ్రాఫిక్స్ పని వత్తిడిగా నున్నపుడు వందల యంత్రములను కొన్ని గంటలకు అద్దెకు తీసికొని, పని ముగియగనే వదలుకొనవచ్చును. ఇది చిన్న స్టూడియోలకు నిజముగా వరమే. దీనిని నేను తక్కువచేసి చెప్పను.

కాని క్లౌడు వచ్చుటతో కావలివాడు అక్కరలేదను భ్రమయు కొందరిలో వ్యాపించినది. ఆ భ్రమనే నేను ఎదిరింపదలచితిని. క్లౌడు కంపెనీ భవనమును, విద్యుత్తును, డిస్కులను చూచుకొనును. ఎస్3 లో పెట్టిన ఫైలు చెడకుండ నిలుచుటకు వారు చెప్పు లెక్క 99 పిమ్మట దశాంశమునకు కుడివైపున తొమ్మిది తొమ్మిదులు గల శాతము. ఆ లెక్క డిస్కు చెడుటకు సంబంధించినది. మన మనుష్యుడే పొరపాటున ఫోల్డరును చెరిపినపుడు ఆ చెరుపుటయు అంతే విశ్వాసముతో అమలగును. తాళము ఎవరి చేతిలో నున్నది, పాత ప్రతులు నిలుపు ఏర్పాటు పెట్టితిమా లేదా, అద్దె యంత్రములు పని ముగిసినను నడచుచు బిల్లు పెంచుచున్నవా, భద్రతా సర్టిఫికెటు గడువు ఎన్నడు తీరును, నెలనెల సొమ్ము కట్టు కార్డు ఎవరి పేరనున్నది: ఇవి యన్నియు మన పనులే. చౌకగా నుండుటకై అట్టడుగు నిలువలో పెట్టిన చిత్రమును తిరిగి తెప్పించుకొనుటకు 12 గంటలవరకు పట్టుననియు, తెప్పించుటకు వేరే రుసుము కలదనియు విడుదల ముందురాత్రి తెలిసికొనుట తగదు. నిర్మాణ సంస్థ మూతపడి బిల్లు కట్టువారు లేకపోయిననాడు, అరలో దుమ్ముపట్టియైనను మిగిలియుండు డబ్బా వలె క్లౌడులోని చిత్రము మిగులదు. దుమ్ము పట్టుట కూడ ఒక విధమైన మనుగడ యని ఇప్పుడు తెలియుచున్నది.

బ్యాకప్ ఉన్నదనుకొనుట వేరు, ఉండుట వేరు. 1998లో పిక్సార్ స్టూడియోలో ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లు ఒక ఆజ్ఞాదోషముచే చెరిగిపోవుచుండగా, బ్యాకప్‌ను తెరచి చూచిన అది కొంతకాలముగా సరిగా పనిచేయుటయే లేదని తేలెను. బిడ్డ పుట్టినందున ఇంటినుండి పనిచేయుచుండిన ఒక ఉద్యోగిని ఇంటి కంప్యూటరులోని ప్రతియే చిత్రమును రక్షించినది. అంతటి సంస్థకే జరిగినది. అందువలననే వృత్తి తెలిసినవారు బ్యాకప్ తీయుటతో ఆగక, నియమముగా ఏదో ఒక భాగమును తిరిగి దింపి, తెరమీద నడిపించి చూతురు. ఈ ఒక్క పనిని చేయని స్టూడియోలో తక్కిన నిర్వహణ అంతయు కాగితముమీది నిర్వహణయే.

ఖర్చు మాటకు వత్తును. అమెరికా చలనచిత్ర అకాడమీ 2007లో ప్రకటించిన నివేదికలో, ఒక చిత్రపు 4కే డిజిటల్ మూలప్రతిని నిలుపుటకు సంవత్సరమునకు 12,514 డాలర్లును, ఫిలిము మూలప్రతిని నిలుపుటకు 1,059 డాలర్లును అగునని లెక్కగట్టిరి. నాటికిని నేటికిని ధరలు మారియుండును. కాని ఫిలిమును చల్లని గదిలో పెట్టి అప్పుడప్పుడు చూచినచాలును, డిజిటల్ ప్రతిని నిరంతరము పోషింపవలెనను భేదము మారలేదు. మన నిర్మాతలు చిత్రపు బడ్జెటు వ్రాయునపుడు ప్రచారమునకు ఒక పద్దు, విందునకు ఒక పద్దు వ్రాయుదురు గాని, విడుదల తరువాతి ఇరువది యేండ్ల నిలువకు పద్దు వ్రాయరు. అది వ్రాయనంతవరకు మన చిత్రములు నిలుచునని నేను నమ్మజాలను.

ఆశకు కారణములు లేకపోలేదు. 1957 నాటి ‘మాయాబజార్’ 2010లో హైదరాబాదు సంస్థ చేతులలో రంగులు దిద్దుకొని మరల తెరకెక్కినది. ఫిలిం హెరిటేజ్ ఫౌండేషను వారు 2019 డిసెంబరులో చిత్రసంరక్షణ శిక్షణ శిబిరమును హైదరాబాదున నడిపిరి. 2024లో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతి సందర్భమున 1953 నాటి ‘దేవదాసు’ పునరుద్ధరింపబడి గోవా చిత్రోత్సవమున ప్రదర్శింపబడెను. 2022 ఆగస్టులో ‘పోకిరి’ 4కేలో మరల విడుదలై జనము విరుచుకుపడినది మొదలు, పాత చిత్రమునకు క్రొత్త ధర కలదని నిర్మాతలకు తెలిసినది. ఇవి యన్నియు ఎవరో ఒకరు ఎన్నడో మూలప్రతిని విడువక కాచియుంచుటచే సాధ్యమైనవే. కాచువారు లేని చిత్రములకు ఈ భాగ్యము కలుగదు.

కావున నిర్మాతలకును, వారి వారసులకును, ఫిలించాంబరు పెద్దలకును నా విన్నపము. మీ నెగటివు డబ్బాలు ఏ ఊర ఏ గదిలో నున్నవో ఈ సంవత్సరముననే కనుగొని, కాపాడజాలనిచో జాతీయ భాండాగారమునకు అప్పగింపుడు. డిజిటల్ చిత్రములకు కనీసము మూడు ప్రతులను, రెండు రకముల నిలువలమీద, ఒకటి వేరొక ఊర ఉండునట్లు చేయుడు. క్లౌడు తాళములు ఒక్క మనుష్యుని ఫోనులో మాత్రమే యుండనీయకుడు. చిత్రము చివర వేయు పేర్లలో డేటా కాచిన వారి పేరును చేర్చుడు. ఈ నెలలోనే ఒక రీలు బ్యాకప్‌ను దింపించి, మొదటినుండి చివరవరకు కూర్చుండి చూడుడు.